మా మెక్సికో మరదలు ఇంటికొస్తోంది, వాళ్ల పండుగల గురించి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

హనుమకొండ_ఆడబిడ్డ (ప్రశ్న)

అందరికీ నమస్తే. మాది హనుమకొండ, వడ్డేపల్లి చెరువు వైపు. మా తమ్ముడు హ్యూస్టన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, పోయిన ఏడాది అక్కడే పెళ్లి చేసుకున్నాడు. అమ్మాయిది మెక్సికో, పుయెబ్లా అనే పట్టణం. పెళ్లికి మేము వెళ్లలేకపోయాం, వీసా దొరకలేదు. ఇప్పుడు సెప్టెంబర్ రెండో వారంలో ఇద్దరూ వస్తున్నారు. తమ్ముడికి మూడు వారాలే సెలవు, వెళ్లిపోతాడు. మరదలు మాత్రం నవంబర్ ఆఖరు దాకా మా దగ్గరే ఉంటానంది. ఎవరూ ఉండమని అడగలేదు, అత్తమ్మ దగ్గర ఉండి తెలుగు నేర్చుకుంటానని తనే అన్నది. ఆ మాటకు మా అమ్మ ఎంత సంబరపడిందో చెప్పలేను.

ఇప్పుడు నా టెన్షన్ ఏమిటంటే, ఆ రెండున్నర నెలల్లో మన బతుకమ్మ, దసరా, దీపావళి అన్నీ వస్తాయి, తనను పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చేయిస్తాం, అది సరే. మరి తన పండుగలు? పుట్టింటికి అంత దూరంగా ఉండి తన పండుగ రోజున ఎవరికీ గుర్తులేకపోతే ఎట్లా ఉంటుందో ఆడపిల్లగా నాకు తెలుసు. నెట్‌లో చూస్తే పెద్ద టోపీలు, ముఖానికి పుర్రె రంగులు తప్ప ఏమీ అర్థం కావడం లేదు.

ఇంకో విషయం ఉంది, అసలు అదే ఎక్కువ బాధ పెడుతోంది. మరదలి నాన్న రెండేళ్ల కింద చనిపోయారు. పోయిన నవంబర్‌లో వీడియో కాల్ చేసినప్పుడు వాళ్ల అపార్ట్‌మెంట్‌లో ఒక మూల బల్ల మీద ఆయన ఫొటో, చుట్టూ బంతిపూలు, కొవ్వొత్తులు, ప్లేటులో తిండి పెట్టి చూపించింది. మా అమ్మ ఫోన్ నాకు ఇచ్చేసి లోపలికి పోయింది. తర్వాత నాతో, "కొత్తకోడలు మొదటిసారి మనింటికి వచ్చి చనిపోయినవాళ్ల ఫొటో ముందు అన్నం పెడితే ఎట్లా బిడ్డా, అరిష్టం కాదా" అన్నది. అమ్మది చెడ్డ మనసు కాదు, బాపు పోయినప్పటి నుంచి ఆమెకు చావు అనే మాటే భయం. నాకు ఇటు అమ్మను నొప్పించడం ఇష్టం లేదు, అటు ఆ పిల్లను కూడా. మెక్సికోలో ఉన్నవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే వివరంగా చెప్పండి, ఎంత పొడుగైనా చదువుతాను.

గ్వాదలహారా_నుంచి_వచ్చినవాడు

అక్కా, నేను పర్కాల వాడిని. ఐటీ ఉద్యోగం మీద గ్వాదలహారాలో మూడున్నరేళ్లు ఉన్నాను. చూసినంత చెప్తాను, కాకపోతే మీ మరదలిది పుయెబ్లా, నేనున్నది పడమర వైపు. వరంగల్ పండుగకూ పాలమూరు పండుగకూ తేడా ఉన్నట్టే అక్కడా ఉంటుంది.

మీరు సెప్టెంబర్ అన్నారు కాబట్టి ముందు ఆ నెల సంగతి చెప్తా. సెప్టెంబర్ 16 వాళ్ల స్వాతంత్ర్య దినం, కానీ అసలు సందడంతా 15 రాత్రే. 1810లో మిగెల్ ఇదాల్గో అనే చర్చి ఫాదర్ దొలోరెస్ అనే ఊళ్లో గంట కొట్టి, స్పెయిన్ పాలన మీద తిరగబడమని జనాన్ని పిలిచాడు. ఆ పిలుపును గ్రితో అంటారు, అంటే కేక. ఇప్పటికీ 15 రాత్రి 11 గంటలకు దేశాధ్యక్షులు రాజధానిలోని ప్యాలెస్ బాల్కనీలోకి వచ్చి అదే గంట కొట్టి, ఆనాటి వీరుల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తుంటే కింద లక్షల మంది "వీవా", అంటే వర్ధిల్లాలి, అని అరుస్తారు. ప్రతి చిన్న ఊళ్లో కూడా మేయర్ ఇదే చేస్తాడు. మేము ఆఫీసు వాళ్లందరం ఒకరింటి డాబా మీద చేరి పెద్ద గిన్నెలో పొసోలె వండుకున్నాం, అంటే లావు మక్క గింజలను మాంసంతో ఉడికించిన పులుసు, పైన ముల్లంగి ముక్కలు, నిమ్మరసం, ఎండుమిర్చి పొడి. మన మక్కలతో కుదరదు, గింజ రకం వేరు, కానీ మీరు ఇంట్లో మక్క గారెలు చేసి పెట్టినా ఆ పిల్లకు అర్థమవుతుంది. టైమ్ గుర్తుపెట్టుకోండి, పుయెబ్లాకూ మనకూ పదకొండున్నర గంటల తేడా, కాబట్టి అక్కడ 15 రాత్రి 11 అంటే మనకు 16 పొద్దున పదిన్నర. టీవీకి ఫోన్ కలిపి లైవ్ పెట్టండి, ఆ కేక వినపడగానే తను కూర్చోలేదు చూడండి.

మిగతా ఏడాది గురించి. జనవరి 6న ముగ్గురు రాజుల పండుగ, అంటే బాల యేసును చూడటానికి వచ్చిన జ్ఞానులు. పిల్లలకు బహుమతులు ఎక్కువ ఇళ్లలో ఆ రోజే. రోస్కా అని చక్రంలాగా పెద్ద తీపి రొట్టె కోస్తారు, లోపల చిన్న పసిపాప బొమ్మ దాచి ఉంటుంది, ఎవరి ముక్కలో బొమ్మ వస్తే వాళ్లు ఫిబ్రవరి 2న అందరికీ తమాలెస్ పెట్టాలి. మా ఆఫీసులో మొదటి ఏడాదే నాకు వచ్చింది! తమాలెస్ చేయడం నాకేం వస్తుంది, మా ఇంటి ఓనరమ్మ, వాళ్ల చెల్లెలు, పక్కింటి ఇద్దరు ఆడవాళ్లు ఒక ఆదివారం పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. మక్కలను సున్నపు నీళ్లలో ఉడికించి రుబ్బిన పిండి, దాన్ని నానబెట్టిన మక్కపొట్టు ఆకు మీద చేత్తో పరిచి, మధ్యలో కూర పెట్టి, మడిచి, నిలబెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. ఒకరు పరుస్తారు, ఒకరు కూర పెడతారు, ఒకరు మడుస్తారు, నోళ్లు మాత్రం ఆగవు. సంక్రాంతికి మా ఇంట్లో తెల్లబట్ట పరిచి వాడ ఆడవాళ్లంతా చుట్టూ కూర్చుని సకినాలు చుట్టడం గుర్తొచ్చి ఆ రోజు మా అమ్మకు ఫోన్ చేశాను.

ఈస్టర్ ముందు వారమంతా దేశమే సెలవు. మెక్సికో సిటీలో ఇస్తపలాపా అనే చోట ఊరి జనమే యేసు శిలువ కథ ఆడతారు, 1833లో కలరా వచ్చి పోయాక మొక్కుగా మొదలుపెట్టి 1843 నుంచి ఆడుతున్నారు. మే 3 నాకు బాగా నచ్చిన రోజు, అది తాపీ మేస్త్రీల పండుగ. కడుతున్న ప్రతి బిల్డింగ్ మీద పూలు, రంగు కాగితాలు కట్టిన శిలువ నిలబెడతారు, ఓనరు కూలీలందరికీ అక్కడే భోజనం పెట్టాలి. మే 10 తల్లుల దినం, ఏ వారమొచ్చినా ఆ తేదీనే, 1922 నుంచి అంతే. తెల్లవారకముందే అమ్మ కిటికీ కింద పాట పాడించేవాళ్లు ఉంటారు.

ఇక ప్రతి ఊరికీ ఒక పునీతుడో పునీతురాలో ఉంటారు, ఆ రోజు ఊరి జాతర. ఆ ఏడాది బాధ్యత ఒక కుటుంబం మీద వేసుకుంటుంది, ఊరందరికీ అన్నం పెడుతుంది, అప్పు చేసైనా సరే. బ్యాండు, పటాకులు, రంగులరాట్నం, గుడి ముందు మిర్చీ బజ్జీల బండ్ల లాంటి బండ్లు. ఐనవోలు మల్లన్న జాతర చూసినవాడికి అక్కడ కొత్తగా ఏమీ అనిపించదు.

నవంబర్ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్లు చెప్తారు.

రాంనగర్_కుర్రాడు

మే 5 వాళ్ల స్వాతంత్ర్య దినం కదా? అమెరికాలో మా అన్న వాళ్ల ఆఫీసులో పార్టీ చేస్తారు.

స్పానిష్_టీచర్

కాదు తమ్ముడూ, చాలామంది ఇక్కడే పొరపడతారు. స్వాతంత్ర్య దినం పైన అన్న చెప్పినట్టు సెప్టెంబర్ 16. మే 5 అనేది 1862లో ఫ్రెంచి సైన్యాన్ని ఇగ్నాసియో సరగోసా అనే జనరల్ ఓడించిన రోజు. ఆ యుద్ధం జరిగింది ఈ అక్క మరదలి ఊళ్లోనే, పుయెబ్లాలో. అందుకే అక్కడ పెద్ద కవాతు ఉంటుంది, దేశంలో మిగతాచోట్ల అంత ఉండదు, అమెరికాలోనే ఎక్కువ చేస్తారు. పుయెబ్లా అమ్మాయితో "మే 5 మీ ఊరి విజయం కదా" అంటే మాత్రం చాలా సంతోషిస్తుంది.

అక్కా, నవంబర్ పండుగ గురించి రాత్రికి తీరిగ్గా రాస్తాను, క్లాస్ ఉంది.

కాజీపేట_జంక్షన్

మాది ఫాతిమానగర్, కాథలిక్ కుటుంబం. మెక్సికో ఎప్పుడూ వెళ్లలేదు కానీ ఒక్క మాట చెప్పాలి. నవంబర్ 2 మాక్కూడా ఉంది, సమాధుల పండుగ అంటాం. రెండు రోజుల ముందు వెళ్లి గడ్డి పీకి, సమాధి కడిగి, సున్నం కొడతాం. ఆ సాయంత్రం పూలు, కొవ్వొత్తులు, అగరబత్తీలు, ఫాదర్ వచ్చి సమాధుల మధ్య తిరుగుతూ ప్రార్థన చేసి తీర్థం చల్లుతారు. చీకటి పడ్డాక చూస్తే తోట మొత్తం దీపాలే. పిల్లలు భయపడరు, వాళ్లకు అది తాత దగ్గరికి పోవడం. మీ మరదలు కాథలిక్ అయితే ఆ రోజు ఇక్కడికి తీసుకురండి, మా అమ్మ దగ్గర కూర్చోబెడతాను. కాకపోతే ముందు తనను అడగండి. మెక్సికోలో వేరే సంఘాల క్రైస్తవులూ ఉన్నారు, వాళ్లలో కొందరు ఈ బల్ల పెట్టరు. మీ మరదలు పెట్టింది కాబట్టి ఆ ఇంట్లో ఆచారం ఉన్నట్టే.

డిసెంబర్ 12 కూడా రాసిపెట్టుకోండి, గ్వాదలూపె మాత పండుగ. 1531లో హువాన్ దియెగో అనే ఆదివాసీకి తెపెయాక్ గుట్ట మీద మరియమ్మ కనిపించిందని, ఆయన కప్పుకున్న ముతక గుడ్డ మీద ఆమె రూపం అచ్చుపడిందని నమ్మకం. ఆ గుడ్డ ఇప్పటికీ మెక్సికో సిటీలో ఆమె పేరు మీదున్న పెద్ద చర్చిలో ఉంది. 11 అర్ధరాత్రికి లక్షల మంది చేరుతారు, రోజుల తరబడి నడిచి, సైకిళ్ల మీద, కొందరు చివరి దూరం మోకాళ్ల మీద. మేడారం వెళ్లిన ఎవరికైనా ఆ జనం, ఆ దుమ్ము, ఆ మొక్కుబడి వివరించి చెప్పక్కర్లేదు.

మానేరు_ఒడ్డు

అక్కా, మీ అమ్మగారి భయం గురించి చదివి రాస్తున్నా. మాది కరీంనగర్. కార్ఖానగడ్డ శ్మశానంలో దీపావళి సంగతి మీరు పేపర్లో చూసే ఉంటారు, ప్రతి ఏడాది ఫొటోలు వేస్తారు. ఆ ఫొటోల్లో ఉండే కుటుంబాల్లో మాదీ ఒకటి. మేము దళితులం, మా తాతల కాలం నుంచీ దీపావళి మాకు సమాధుల దగ్గరే.

పండుగకు వారం ముందే మొదలవుతుంది. ముళ్లకంప కొట్టి, సమాధులకు రంగులు వేయించి, బంతిపూల దండలు కడతాం. సాయంత్రం ఇంటిల్లిపాదీ పోతాం, కొత్త బట్టలతో, పిల్లల పటాకుల సంచులతో సహా. వాళ్లు బతికుండగా ఇష్టపడ్డవి వండి తీసుకుపోతాం. మా తాతకు బోటి కూర, ఒక బీడీ కట్ట. మా బాపమ్మకు తమలపాకులు, వక్క, సున్నం డబ్బీ. ఆమె వాడిన డబ్బీయే, మూత వంకర పోయి ఉంటుంది, మా అమ్మ ఏడాదంతా దాన్ని బీరువాలో దాచి ఆ రోజే తీస్తుంది. పోయినసారి నా బిడ్డ, ఐదేళ్లది, బాపమ్మ సమాధి మీద దీపం పెట్టి "బాపమ్మా నాకు స్కూల్లో ఫస్ట్ వచ్చింది" అని చెప్పింది, ఎవరూ చెప్పమనలేదు. తర్వాత అందరం అక్కడే చిచ్చుబుడ్లు కాల్చి ఇంటికొచ్చాం.

మా ఇంట్లో కొత్తకోడలు వస్తే మొదటి దీపావళికి ముందు అక్కడికే తీసుకుపోతాం. పెద్దలకు చూపించాలి కదా, ఈమె మన ఇంటి పిల్ల అని. మాకు అరిష్టం అనే ఆలోచనే రాదు. చూపించకపోతేనే తప్పు. మీ అమ్మగారికి ఈ మాట మా తరపున చెప్పండి, వీలైతే దీపావళికి మీ మరదలిని తీసుకుని మా దగ్గరికి రండి, రెండు గంటల ప్రయాణం కూడా కాదు.

హనుమకొండ_ఆడబిడ్డ

మీరందరూ రాసింది చదువుతూ రెండుసార్లు ఆగిపోయాను. మానేరు ఒడ్డు అన్నా, మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను, సున్నం డబ్బీ దగ్గర కళ్లు తుడుచుకుంది. ఏమీ అనలేదు. కాసేపటికి తనే, "మనం పెత్తరమాసకు ఏం చేస్తం మరి" అన్నది. నిజంగా నాకు అప్పటిదాకా తట్టనే లేదు. పెత్తరమాస పొద్దున బాపు పేరు మీద బియ్యం, పప్పు, చింతపండు, ఉప్పు, కూరగాయలు చేటలో పోసి అయ్యగారికి ఇచ్చి పేర్లు చదివించుకుంటాం. బాపుకు ఇష్టమని అమ్మ ఆ రోజు తప్పకుండా పచ్చిపులుసు, గారెలు చేస్తుంది. అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ పేర్చి గుడికి పోతాం. పొద్దున చనిపోయినవాళ్లకు, సాయంత్రం పూలకు, రెండూ ఒకే రోజు.

అమ్మ ఇప్పుడు అడుగుతున్నది, ఆ బల్ల మీద ఏమేమి పెట్టాలి, ఎవరు పెట్టాలి, ఎన్ని రోజులు ఉంచాలి, మైల ఏమన్నా ఉంటుందా అని. స్పానిష్ టీచర్ గారూ, మీరు రాస్తానన్నారు.

స్పానిష్_టీచర్

ఆలస్యానికి క్షమించండి అక్కా. ఆ పండుగను దియా దె మ్వెర్తోస్ అంటారు, చనిపోయినవాళ్ల దినం అని. నవంబర్ 1 చిన్నపిల్లలుగా పోయినవాళ్లకు, 2 పెద్దవాళ్లకు. చనిపోయినవాళ్లు ఆ రాత్రి ఇంటికి వచ్చి వెళ్తారని భావన. అందుకే ఆ బల్ల, దాని పేరు ఒఫ్రెందా, ఇంటికొచ్చే మనిషికి చేసే మర్యాద అనుకోండి. స్పెయిన్ వాళ్లు రాకముందు నుంచీ అక్కడి జనానికి ఉన్న ఆచారం, తర్వాత వచ్చిన చర్చి పండుగ, రెండూ కలిసిపోయాయి. 2008 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. మెక్సికో సిటీలో పుర్రె రంగులతో పెద్ద ఊరేగింపు వీడియోలు చూసి అదే పండుగ అనుకోకండి, అది 2016లో మొదలైంది, జేమ్స్ బాండ్ సినిమాలో చూపించిన తర్వాత. అసలు పండుగ ఇళ్లలో, సమాధుల దగ్గర ఉంటుంది.

బల్ల మీద ఏం ఉండాలంటే, ఫొటో తప్పకుండా. ఒక గ్లాసు మంచినీళ్లు, చాలా దూరం నడిచి వచ్చిన మనిషికి దాహం వేస్తుందని. చిన్న గిన్నెలో ఉప్పు. కొవ్వొత్తులు, మనకు నూనె దీపం పెట్టినా పరవాలేదు. కొపాల్ అనే చెట్టుజిగురు ధూపం వేస్తారు, మీరు సాంబ్రాణి వేయండి, వాసన పూర్తిగా అదే కాదు కానీ ఆ పొగ చూస్తేనే తనకు ఇల్లు గుర్తొస్తుంది. పాన్ దె మ్వెర్తో అని గుండ్రటి తీపి రొట్టె, పైన ఎముకల ఆకారం, చక్కెర అద్ది ఉంటుంది, ఓవెన్ ఉంటే తనే చేస్తుంది, లేకపోతే బేకరీ నుంచి తీపి బన్ను చాలు. చక్కెరతో పుర్రెలు కూడా పోస్తారు. దాన్ని చూసి అమ్మ భయపడితే, హోళికి మన దగ్గర పిల్లల మెడలో వేసే చక్కెర పేర్లు ఉన్నాయి కదా, అట్లా అచ్చులో పోసిన చక్కెరే అని చెప్పండి. బల్లకు అంచున రంగు కాగితాలు కత్తిరించి కడతారు, వినాయకుడి మండపానికి కట్టే తోరణాల్లాగా, ఇంకా సన్నటి పని. ఆ కాగితాలకు పేరుపడ్డ ఉయిస్కొలోత్లా అనే ఊరు పుయెబ్లా రాష్ట్రంలోనే ఉంది. అన్నిటికంటే ముఖ్యం, వాళ్ల నాన్నకు ఏం ఇష్టమో అది. అది మీరు అడిగి తెలుసుకోవాలి. ఆ ప్రశ్న అడగడమే ఆ పిల్లకు సగం పండుగ.

ఇప్పుడు బంతిపూల గురించి, ఇది మీ అమ్మగారికి తప్పకుండా చెప్పండి. ఈ పండుగకు ప్రాణం బంతిపువ్వే. వాళ్లు సెంపసూచిల్ అంటారు, అక్కడి నావాత్ల్ భాషలో ఇరవై పువ్వు అని అర్థం, అన్ని రేకులు ఉంటాయని. రంగు, వాసన పట్టుకుని ఆత్మ దారి తెలుసుకుంటుందని గుమ్మం నుంచి బల్ల దాకా రేకులు చల్లుతారు. పుయెబ్లా రాష్ట్రంలో అట్లిస్కో చుట్టుపక్కల ఎకరాలకు ఎకరాలు ఆ తోటలే. మనం బతుకమ్మలో వరుసలు వరుసలుగా పేర్చే బంతిపువ్వు పుట్టిల్లు కూడా ఆ దేశమే. సుమారు నాలుగైదు వందల ఏళ్ల కింద సముద్రం మీద మన దేశం చేరింది. తంగేడు, గునుగు మనవి, బంతి మీ మరదలి ఊరిది. గౌరమ్మను పెట్టే గుమ్మడి పువ్వు కూడా అటువైపు మొక్కే. మిర్చి, మక్క, పల్లి, జామ అన్నీ అటునుంచి వచ్చినవే, మన ఎనుమాముల మార్కెట్‌లో గుట్టలుగా పోసే మిర్చికి మొదటి ఊరు మెక్సికో అని తెలిస్తే ఆ పిల్లకు మార్కెట్ చూపించకుండా ఉండలేరు. చపాటా మిర్చి కొనిపెట్టండి, కారం తక్కువ, రంగు ఎక్కువ, వాళ్ల మోలెకు పనికొస్తుంది. మోలె అంటే ఎండుమిర్చి, నువ్వులు, పల్లీలు, దాల్చిన చెక్క, కొంచెం చాక్లెట్ వేయించి నూరిన చిక్కటి పులుసు, పుయెబ్లా వాళ్లకు అది లేకుండా పెద్ద పండుగ లేదు. మన దగ్గర నుంచి అటు వెళ్లింది చింతపండు, వాళ్లు కూడా తమరిందో అనే అంటారు, పానకం చేసుకుంటారు. ఎర్రటి పుంటికూర కాయల మీది తొక్కలు ఎండబెట్టి మరిగించి చల్లగా తాగుతారు, ఆ షర్బత్‌కు హమైకా అని పేరు.

అమ్మ చేయగలిగింది ఒకటి చెప్తాను. ఆ పండుగకు గుమ్మడికాయ ముక్కలను బెల్లంలో, దాల్చిన చెక్క వేసి ఉడికిస్తారు. వాళ్ల బెల్లం మన బెల్లమే, అచ్చు ఆకారం వేరు అంతే. మీ అమ్మగారికి అది నేర్పాల్సిన అవసరమే లేదు.

మైల లాంటిది ఏమీ లేదు. అక్టోబర్ చివర్లో పెట్టి నవంబర్ 2 దాటాక తీసేస్తారు, తిండి అందరూ పంచుకుని తింటారు. అట్లిస్కో దగ్గర వాకెచూలా అనే ఊళ్లో ఆ ఏడాది చనిపోయినవాళ్ల ఇంట్లో తెల్లటి శాటిన్ బట్టతో మనిషికంటే ఎత్తుగా అంతస్తులు కడతారు. ఊరివాళ్లు, ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా ఒక కొవ్వొత్తి తీసుకుని వచ్చి చూస్తారు, ఇంటివాళ్లు వచ్చిన ప్రతివాళ్లకూ అన్నం పెట్టి పంపుతారు. ఎవరు పెట్టాలి అని అడిగారు. ఫొటో తను పెట్టాలి, మిగతాది ఎవరైనా చేయి వేయవచ్చు.

ఇంకొక్క ముచ్చట, తనతో మాట కలపడానికి. పదిహేడో శతాబ్దంలో మన దేశం నుంచి ఒక పిల్లను ఎత్తుకుపోయి, మనీలా మీదుగా ఓడలో మెక్సికోకు తెచ్చి పుయెబ్లాలో బానిసగా అమ్మారు. కతరీనా దె సాన్ హువాన్ అని పేరు పెట్టారు. ఆమెను తర్వాత ఊరంతా పుణ్యాత్మురాలిగా కొలిచింది, 1688లో అక్కడే కన్నుమూసింది. ఆమెనే అక్కడ చీనా పొబ్లానా అంటారు, ఆ పేరు చెప్తే మీ మరదలు వెంటనే గుర్తుపడుతుంది.

హనుమకొండ_ఆడబిడ్డ

నవంబర్ 3. రెండు నెలల తర్వాత మళ్లీ రాస్తున్నాను, మీ అందరికీ చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

సెప్టెంబర్ 16 పొద్దున పదిన్నరకు టీవీ పెట్టాం, పర్కాల తమ్ముడూ, మీరు చెప్పినట్టే లేచి నిలబడింది, మా పిల్లలు కూడా వెనక నుంచి వీవా వీవా అని అరిచారు. పెత్తరమాసకు అమ్మ అయ్యగారితో బాపు పేరు, తాత పేరు చదివించాక, మరదలిని పిలిచి, "మీ నాన్న పేరు చెప్పు బిడ్డా" అన్నది. తనకు ముందు అర్థం కాలేదు, నేను ఇంగ్లీషులో చెప్పాను. అయ్యగారికి ఆ పేరు నోరు తిరగలేదు, రెండుసార్లు అడిగి మరీ సరిగ్గా పలికారు. సాయంత్రం బతుకమ్మ పేర్చేటప్పుడు సిబ్బిలో బంతి వరుస మొత్తం తనే పెట్టింది, "ఇవి మా పూలు" అని తెలుగులోనే అన్నది. నేర్పింది అమ్మే.

నవంబర్ 1కి హాల్లో చిన్న బల్ల వేశాం. నేను కొంచెం దూరంగా పెడదామనుకున్నా, అమ్మ ఒప్పుకోలేదు, బాపు ఫొటో కిందనే పెట్టమన్నది. మరదలు వాళ్ల నాన్న ఫొటో పెట్టింది, పెద్ద మీసాలు, చొక్కా జేబులో పెన్ను. బస్సు డ్రైవర్ అట, ఆ సంగతి అప్పుడే తెలిసింది. ఇష్టమైనది ఏమిటని అడిగితే నవ్వి, వేయించిన పల్లీలు, పైన నిమ్మరసం, కారం అన్నది. అంతకంటే సులువు ఏముంది, మా వాడ మూల మీద బండిలో అదే అమ్ముతారు. వేడివేడిగా పొట్లం తెచ్చి పొట్లంతోనే పెట్టాం. అమ్మ గుమ్మడికాయ బెల్లం వండింది. నీళ్ల గ్లాసు పెట్టి, ఒక్క క్షణం ఆగి, లోపలికి పోయి ఇంకో గ్లాసు తెచ్చి బాపు ఫొటో ముందు పెట్టింది.

2 సాయంత్రం ఫాతిమానగర్ వెళ్లాం. కాజీపేట తమ్ముడూ, మీ అమ్మగారు మా మరదలి చేయి పట్టుకుని వరుసగా సమాధులన్నీ చూపించి వీళ్లెవరు వాళ్లెవరు అని తెలుగులో చెప్తూనే ఉన్నారు, తను అన్నిటికీ తల ఊపుతూనే ఉంది. మానేరు ఒడ్డు అన్నా, దీపావళికి రాలేకపోయాం, అమ్మకు మోకాళ్ల నొప్పి, వచ్చే ఏడు తప్పకుండా.

ఇప్పుడు కొత్త సంగతి. నవంబర్ ఆఖరుకు టికెట్ ఉండె, అమ్మ డిసెంబర్ చివరి దాకా ఉండమని అడిగింది. తమ్ముడే ఇక్కడికి వస్తాడట. మరి డిసెంబర్‌లో ఏం చేయాలి?

గ్వాదలహారా_నుంచి_వచ్చినవాడు

అక్కా, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

డిసెంబర్ 12 కాజీపేట తమ్ముడు చెప్పాడు. ఆ తర్వాత 16 నుంచి 24 దాకా పొసాదాస్, తొమ్మిది రాత్రులు, మన బతుకమ్మ లెక్కే. నిండు చూలాలు మరియమ్మతో యోసేపు ఇల్లిల్లూ తిరిగి చోటు అడిగిన కథ అది. సగం మంది బయట నిలబడి చోటు ఇవ్వమని పాడతారు, సగం మంది లోపలి నుంచి పొమ్మని పాడతారు, చివరికి తలుపు తీస్తారు. రోజుకొకరి ఇల్లు. తర్వాత వేడి పళ్ల పానకం, అందులో చెరుకు ముక్కలు, జామపళ్లు వేస్తారు, రెండూ మీకు దొరుకుతాయి. ఆ తర్వాత పిన్యాతా, ఏడు కొమ్ముల నక్షత్రం లాంటి బొమ్మ, ఏడు పాపాలకు గుర్తు. కళ్లకు గంతలు కట్టుకుని కర్రతో కొడతారు, పగిలితే పల్లీలు, చెరుకు ముక్కలు, నారింజలు, చాక్లెట్లు పడతాయి. ఉట్టి కొట్టిన పిల్లలకు నేర్పక్కర్లేదు.

తొమ్మిది రోజులూ అక్కర్లేదు, ఒక్క రాత్రి చేసినా చాలు. చుట్టుపక్కల రెండు మూడు ఇళ్లవాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకోండి, తలుపు తీయడానికి లోపల ఎవరో ఒకరు ఉండాలి కదా. ఇప్పటి నుంచే పాత న్యూస్‌పేపర్లు పారేయకుండా దాచండి, రంగు కాగితాలు రెండు దస్తాలు, మైదా అరకిలో, ఒక పెద్ద బెలూన్ లేదా పాత మట్టికుండ. మైదా ఉడికించి జిగురు చేసి పేపర్లు పొరలు పొరలుగా అంటించి ఎండబెట్టాలి, డిసెంబర్ ఎండకు నాలుగు రోజులు పడుతుంది. ఆదివారం సాయంత్రం వీడియో కాల్ చేయండి, కొమ్ములు చుట్టడం చూపిస్తాను.